రెండో వైపు మూడో పాట

ఆర్లిస్ పెటిగ్రూని ఏ అరలో పెట్టాలో
పడూకాలో రికార్డుల కొట్టువాడికి చివరిదాకా తేలలేదు.
కంట్రీ అరలో పెడితే, ఫిడేలు ఏదయ్యా అన్నారు.
రాక్ అరలో పెడితే, ఇతనేంటి
ఉయ్యాల ఊపుతున్నట్టు పాడతాడు అన్నారు.
రెంటికీ చెడ్డ రేవడని నవ్వుకున్నారు.

రేవడో కాదో నాకు తెలీదు.
పదకొండేళ్ళు అతని పక్కన కూర్చుని స్టీల్ గిటార్ వాయించాను.
అతను నోరు తెరిస్తే
నా వేళ్ళు వాటంతటవే నెమ్మదించేవి.

డెబ్బై మూడు, నాష్‌విల్, మొదటి రికార్డు.
అట్ట మీద బొమ్మ కోసం గడ్డివాము ముందు నిలబెట్టారు.
ఆర్లిస్‌కి ఎండుగడ్డి పడదు.
ఆ చెమ్మగిల్లిన కళ్ళలో ఎంత దిగులో, అని రాశాడొక పత్రికాయన.
తుమ్ము ఆపుకుంటున్న మనిషి ఫొటో అది.

గొంతు పెంచు, గొంతు పెంచు, అని
అద్దం అవతల నుంచి చేతులూపేవాడు ప్రొడ్యూసర్.
'పెంచితే మా అమ్మ లేస్తుంది' అనేవాడు.
అప్పటికి ఆవిడ పోయి ఆరేళ్ళు.
గ్లవ్స్ ఫ్యాక్టరీలో రాత్రంతా కుట్టి
పగలు పడుకునే తల్లి గది ఇవతల,
పలచటి చెక్కగోడకి వీపు ఆనించి
గిటార్ నేర్చుకున్నవాడు.
అరవడం ఎలాగో ఆ ఇంట్లో ఎవరికీ రాదు.

ఒక్క పాట అరవై ఒకటో స్థానం దాకా ఎక్కింది.
రెండు వారాలుంది.
మూడో వారం, ఇంట్లోంచి ఎవరో పిలిచినట్టు, దిగి వెళ్ళిపోయింది.

తర్వాత సంతలు.
పందుల పోటీకీ ట్రాక్టర్ల పందేనికీ మధ్య ఇరవై నిమిషాలు.
ఓవెన్స్‌బరోలో వాన పడింది, తొమ్మిదిమంది మిగిలారు,
వాళ్ళలో ఒకాయన నిద్రపోయాడు.
ఆర్లిస్ అతన్ని చూసి
నాకు సైగ చేశాడు, ఇంకొంచెం తగ్గించమని.

అమ్ముడుపోని రికార్డుల అట్టలకి మూలలు కత్తిరించి
తొంభై తొమ్మిది సెంట్ల బుట్టలో పారేసింది కంపెనీ.
తనవే నాలుగు కొనుక్కున్నాడు.
'బాగుంటాయా?' అంది గల్లా దగ్గరి పిల్ల.
'రెండో వైపు మూడోది వినొచ్చు' అన్నాడు
చిల్లర లెక్కపెట్టుకుంటూ.
అమ్మ నిద్ర మీద రాసిన పాట అది.

ఎనభై ఒకటిలో లూయివిల్‌లో లిఫ్టులు బాగుచేసే పనిలో చేరాడు.
'పాటలు పైకి పోలేదు, మనుషులనైనా పంపిద్దాం' అన్నాడు.
ఆ జోకు నాకు నాలుగుసార్లు చెప్పాడు,
నాలుగోసారి నేను నవ్వలేదు.

ఒక ఆసుపత్రిలో, లిఫ్టు పెట్టె నెత్తిన కూర్చుని
గ్రీజు చేతులతో తీగలు సరిచేస్తుంటే
కింద తన పాటే వినబడింది.
ఆ అరవై ఒకటో నంబరుదే. మాటలు ఊడబెరికి
వయొలిన్లు కుమ్మరించారు.
లోపల ఒక నర్సు ఒక్కతే, షిఫ్టు అయిపోయినట్టుంది,
దానితో కలిపి కూనిరాగం తీస్తోంది.
రెండో లైను చివర తప్పు పోయింది,
దిగాల్సిన చోట దిగకుండా అక్కడే ఆగింది.

ఆ రాత్రి పదకొండింటికి నాకు ఫోను.
'ఆమెదే బాగుంది' అన్నాడు.
ఆ తర్వాత ఎప్పుడు పాడినా
అక్కడ దిగలేదు.

మూడు నెలలకోసారి పద్నాలుగు డాలర్ల చెక్కు వచ్చేది.
కొన్ని మార్చుకోవడమే మర్చిపోయాడు.
కిందటి మార్చిలో పోయాడు. పెట్టె మోసినవాళ్ళు
ఆరుగురూ లిఫ్టు మెకానిక్కులే.
ఏమీ కుదపకుండా, మెల్లగా దించారు.

మూల తెగిన ఆ నాలుగు రికార్డులూ
ఇప్పుడు నా దగ్గరున్నాయి.
నేనూ ఏ అరలోనూ పెట్టలేదు.
వంటింట్లో రెండో కుర్చీ మీద ఉంటాయి.
ఎవరైనా వస్తే,
కూర్చోవాలంటే,
కాసేపు ఒళ్ళో పెట్టుకోక తప్పదు.